కోతల మాస్టారు చూసిన గుండుసూదుల మొక్క

మా వీధిలో గుడ్డ కోసేది ఒకరే, కోతలు కోసేదీ ఒకరే. రెండు పనులూ ఒకే మనిషి చెయ్యడం వల్ల ఆయనకి కోతల మాస్టారు అన్న పేరు ఎప్పుడో ఖాయమైపోయింది. మొహం మీద అన్నా ఆయన నొచ్చుకోరు. "గుడ్డలో కోత తప్పితే వచ్చినవాళ్ళు తిడతారు వదినగారూ, మాటలో కోత తగ్గితే వచ్చినవాళ్ళు నిద్రపోతారు" అంటారు.

ఆయన టైలరింగు కొట్టు మా ఇంటికి సరిగ్గా ఎదురు. మా వంటింటి కిటికీ తెరిస్తే ఆయన కటింగు బల్లే కనబడుతుంది. నేను చదివింది అయిదో తరగతి. ఆ పైన చదువంతా ఈ కిటికీలోంచే చదువుకున్నాను. వీధిలో కుర్రకారు నన్ను చాటుగా 'సీసీ కెమెరా' అంటారు. చాటుగా అన్నది నాకెలా తెలిసిందంటారా? కెమెరాకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

కొట్టు పెద్దదేం కాదు. ముందు కటింగు బల్ల, వెనక కుట్టుమిషన్లు, మూలగా ఇస్త్రీ బల్ల, కొలతలిచ్చే చోట అంచులు మచ్చపడ్డ నిలువుటద్దం. బల్ల కింద పేలికల గోతాం. మాస్టారి మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. భోజనానికి కూర్చున్నా ఉంటుంది, పెళ్ళికెళ్ళినా ఉంటుంది. ఒకసారి జ్వరంతో పడుకుంటే చూడ్డానికెళ్ళాను, దుప్పటి మీద కూడా ఉంది. ఎడమచేతి మణికట్టుకి గుండ్రటి చిన్న దిండు కట్టుకుంటారు, దాన్నిండా గుండుసూదులు. మామూలువి కావు, తలమీద గాజుపూస ఉన్నవి. దీపం వెలుగు పడితే ఒక్కో సూది మీద ఒక్కో నీటిచుక్క నిలబడినట్టుంటుంది. ఈ దిండుని కాస్త గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

మాస్టారికి ఒక మనవరాలు. కొడుకూ కోడలూ పనులకి పోతారు కాబట్టి బడి నుంచి నేరుగా కొట్టుకే వస్తుంది. పుట్టినప్పుడు సన్నగా, వంకరగా ఉందని తాతే దానికి పిన్నీసు అని పేరు పెట్టారు. ఇప్పుడు గుచ్చడం కూడా వచ్చింది కాబట్టి పేరు బాగా అతికింది.

రోజూ సాయంత్రం జరిగే తంతు ఇది. పిన్నీసు బల్ల కిందకి దూరి పేలికల గోతాం మీద కూర్చునేది. పైన కత్తెర కరకరమంటూ నడుస్తుంటే మాస్టారి కథ నడిచేది. సర్కసు వాళ్ళ ఏనుగుపిల్లకి జలుబు చేస్తే కోటు కుట్టిన కథ, గుండీలు దొరక్క దానికి అన్నం పళ్ళాలు కుట్టిన కథ. కళ్ళకి కనబడనంత పల్చటి గుడ్డ కోస్తే, మర్నాడు తుమ్మినప్పుడు రెండు ముక్కలూ విడిపోతే గానీ కోసినట్టు తెలియని కథ. కింద నుంచి పిల్ల "ఊఁ" కొట్టేది. ఆ ఊఁ మా వంటింటి దాకా వినబడేది. భయమేస్తే చిన్న ఊఁ, నవ్వొస్తే సాగదీసిన ఊఁ, నిద్రొస్తే సగం ఊఁ. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే బావిలో చేద పడిపోయినట్టే. చేంతాడు చేతిలో ఉంటుంది, నీళ్ళు రావు.

ఒకరోజు ఊఁ ఆగిపోయింది.

నాకు ఆగితే ఊరుకునే గుణం లేదు కదా, చెప్పులేసుకుని వెళ్ళాను. పిన్నీసు బల్ల కింద లేదు. అద్దం పక్కన స్టూలు మీద కూర్చుని గోడవైపు తిరిగి చదువుకుంటోంది. సంగతేమిటంటే, బడిలో ఏనుగు కోటు కథ నిజమనుకుని చెప్పింది. పళ్ళాల గుండీల దగ్గర క్లాసు క్లాసంతా పడీపడీ నవ్వింది. అప్పట్నుంచి దాన్ని 'పళ్ళెం గుండీ' అని పిలుస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదు తాతయ్యా అది అబద్ధమని?" అని మాత్రం అడిగిందట.

"అబద్ధం కాదే, కోత" అన్నారట మాస్టారు.

"రెండిటికీ తేడా ఏంటి?"

మాస్టారు కత్తెర అందుకుని, కోసిన గుడ్డనే మళ్ళీ కోశారట.  ఆ తర్వాత ఆయన ఏం మొదలుపెట్టినా పిల్ల ఒకటే మాట, "నాకు హోంవర్కుంది." కొట్టులో బట్టలు ఇస్త్రీ చేసే అతను, పిన్నీసుకి ఇస్త్రీ బాబాయి, తను ఊఁ కొడతానన్నాడు గానీ, అతని ఊఁ ఇస్త్రీ పెట్టె ఆవిరి వదిలినట్టుంటుంది, దానికి కథేం సాగుతుంది?

అలాంటి రోజుల్లో కొట్టుకి సున్నం వేయించడానికని ఓ ఆదివారం మూశారు. మిషన్ల వాళ్ళూ ఇస్త్రీ బాబాయీ కలిసి వ్యాను మాట్లాడుకుని ఊరవతల కొండ దగ్గరున్న జలపాతానికి బయల్దేరారు. మాస్టారినీ ఎక్కించుకున్నారు. పిన్నీసుని రమ్మంటే రానంది.

ఆ సాయంత్రం నేను ఆరిన బట్టలు మడతపెడుతుంటే మాస్టారు నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర బురద.

"వదినగారూ, పురుగుల్ని తినే మొక్కని చూశాను."

"మంచిది. ఎంతుందేమిటి? మేడంతా, మిద్దంతా?"

"కోటు గుండీ అంత."

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. మాస్టారి నోట 'అంత' అన్న మాట కొత్తదేం కాదు. ఏనుగంత, వంతెనంత, ఊరంత. గుండీ అంత అనడం మాత్రం అదే మొదలు. కోతలు కోసేవాడు పెద్దవి కోస్తాడు గానీ చిన్నవి కోస్తాడా? తప్పించుకుపోయిన చేపని ఎవరైనా వేలెడంత ఉందని చెబుతారా?

"కూర్చోండి. మొదట్నుంచీ చెప్పండి" అన్నాను.

చెప్పారు. మిగతావాళ్ళు జలపాతం కింద ఫోటోలు దిగుతుంటే, మోకాళ్ళు సహకరించక ఈయన కింద రాతిపలకల దగ్గర కూర్చున్నారు. రాళ్ళ మధ్య ఇసుక తడిగా ఉంది, పైనుంచి నీళ్ళు ఊరుతున్నాయి. లేద్దామని చెయ్యి ఆనించబోతే ఆ చెయ్యి పెట్టే చోట ఎర్రగా ఏదో మెరిసింది. తన మణికట్టు దిండే ఊడి పడిందనుకున్నారు. చూస్తే దిండు చేతికే ఉంది.

"అచ్చం నా దిండే వదినగారూ. నేలకి అంటుకుని గుండ్రంగా, చిన్న చిన్న చెంచాల్లాంటి ఆకులు. ఆకు నిండా ఎర్రటి వెంట్రుకలు. ప్రతి వెంట్రుక కొసనా ఒక చుక్క. నీళ్ళేమో అనుకుని దారప్పోగుతో ముట్టుకున్నాను. జిగురు! సాగింది! ఇంతలో ఒక దోమ వచ్చి వాలింది. అంతే, కాలు ఇరుక్కుంది. ఇంకో కాలు పెట్టి లాగబోయింది, అదీ ఇరుక్కుంది. కాసేపటికి చుట్టూ ఉన్న వెంట్రుకలు మెల్లిగా, మెల్లిగా దానిమీదకి వంగాయి."

నాకు అనుమానాలు ఆగుతాయా? "నములుతుందా?" "నోరు లేదు." "వాసనొస్తుందా?" "ముక్కు పెట్టి చూడలేదు." "తింటే తిన్నది, మరి దొడ్డికెలా పోతుంది?" మాస్టారు మోకాలి మీద బురద గోక్కున్నారు. "అది అడగలేదు వదినగారూ" అన్నారు. ఇదివరకటి మాస్టారైతే ఆ ప్రశ్నకి చిన్న మరుగుదొడ్డి కట్టి ఇచ్చేవారు. నా నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

"మరి ఫోటో?"

"నా ఫోన్లో టార్చి తప్ప ఏముంది? రండ్రా, చూడండ్రా అని పిలిచాను. పోయినేడు రంగులు మార్చే తొండ ఉందని వీళ్ళని ముళ్ళ డొంకలోకి దింపాను కదా, అది మర్చిపోలేదు. 'ఈసారి మీ కోతకి కుట్టుకూలి ఎంత మాస్టారూ' అన్నాడు ఇస్త్రీవాడు. ఒక్కడూ కదల్లేదు. ఇంతలో వ్యానువాడు హారను కొట్టేశాడు."

"పీక్కురాలేకపోయారా ఒక మొక్క?"

ఆయన నావైపు చూసిన చూపుకి నాకే సిగ్గేసింది. "అది భోంచేస్తోంది వదినగారూ. తింటున్నవాణ్ణి మధ్యలో లేపుతామా?"

ఇంక నాకు అనుమానం లేదు. అబద్ధానికి అంత జాలి ఉండదు.

కానీ నేను నమ్మితే ఏం లాభం? ఆయనకి కావలసిన ఊఁ నాది కాదు.

మర్నాడు సాయంత్రం పిన్నీసు రాగానే మాస్టారు మొదలుపెట్టారు. నేను జాకెట్టు కొలతిచ్చే నెపంతో అక్కడే నిలబడ్డాను. పిల్ల గోడవైపే తిరిగి విన్నది. ఊఁ కొట్టలేదు గానీ, 'పురుగుల్ని తినే మొక్క' అనగానే పుస్తకం సంచి తెరిచింది. దాని పాఠంలో అలాంటి మొక్క బొమ్మ ఉంది. కూజాలా పొడుగ్గా, పైన మూతతో.

తాతకి కనబడకుండా బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగింది. "నువ్వు చూసినదానికి మూత ఉందా?"

 ఇస్త్రీ బాబాయి పెట్టె పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూతేం ఖర్మ, మూతకి గొళ్ళెం, గొళ్ళానికి తాళం కూడా పెట్టగల మనిషి మా మాస్టారు. పిల్ల మొహంలో కాస్త ఆశ కూడా కనిపించింది నాకు. ఉందంటే చాలు, బొమ్మతో సరిపోతుంది, తాత గెలుస్తాడు.

మాస్టారు టేపు కొస వేలికి చుట్టుకున్నారు, విప్పారు. "లేదమ్మా. మూత లేదు" అన్నారు.

"అయితే అది కాదు" అని పిన్నీసు పుస్తకం మూసేసింది. "నాకు హోంవర్కుంది."

చూశారా, ఆయన బతుకులో చెప్పిన మొదటి గట్టి నిజం ఆయన్నే ముంచేసింది. ఆ రోజు ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కోశారు. 'కోతల మాస్టారు కోత తప్పారు' అని ఇస్త్రీ బాబాయి నవ్వబోయి, మాస్టారి మొహం చూసి మానేశాడు.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే కొట్టుకెళ్ళాను. "కెమెరా లేదన్నదేగా గొడవ? ఈ వీధి కెమెరాని నేనున్నాను. ఈ ఆదివారం నన్ను తీసుకెళ్ళి చూపించండి."

"మీరు చూసినా అది నమ్మాలిగా వదినగారూ."

"అదీ వస్తుంది. మీరు నోరు మూసుకుని ఉండండి, అదే మీకు కష్టం."

పిన్నీసుతో ఒకటే చెప్పాను. "నాకు కొండ కింద గాలి పీల్చుకోవాలనుందే. మోకాళ్ళు పట్టేస్తాయి, చెయ్యి పట్టుకునేవాళ్ళు కావాలి. మీ తాత చెయ్యి పట్టుకుంటే నలుగురూ ఏమంటారు?" పిల్ల ఫక్కున నవ్వింది. సరేనంది. వాళ్ళమ్మ మాత్రం, "పెద్దమ్మగారూ, మీ ముగ్గురినీ నీళ్ళ దగ్గరకి పంపి ఫోన్ కూడా ఇచ్చానంటే, తిరిగొచ్చేది మీరు మాత్రమే, ఫోన్ రాదు" అని తన ఫోన్ ఇవ్వలేదు. నాదీ మాస్టారి ఫోన్‌కి అక్కగారే. అలా కెమెరా లేకుండానే బస్సెక్కాం.

వారమంతా ఎండలు కాశాయి. వెళ్ళేసరికి జలపాతం సన్నగా, కట్టెయ్యడం మరిచిన కుళాయిలా ఉంది. రాతిపలకల మధ్య ఇసుక ఎండి తెల్లబడింది. మాస్టారు తను కూర్చున్న రాయి పోల్చుకున్నారు. ఇసుక చూశారు. చుట్టూ చూశారు. ఏమీ లేదు. మొహం పేలికలా అయిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, మెడలో టేపు నేలకి ఆనుతుంటే, రాయి రాయీ తడుముతూ పోయారు. పిన్నీసు దూరంగా నిలబడి చెప్పుతో గులకరాళ్ళు తన్నుతోంది.

ఒక రాతి చాటున నాకు ఎర్రగా కనిపించింది. వంగి చూస్తే నాచులాంటిదేదో, చిన్న చిన్న ఎర్ర మొగ్గలతో. జిగురూ లేదు, చుక్కలూ లేవు. అయినా నా బుర్రలో ఒక పురుగు తొలిచింది. మాస్టారి చెవి దగ్గరకెళ్ళి, "ఇదేనని చెప్పెయ్యండి మాస్టారూ. పిల్లకేం తెలుస్తుంది, నేను వత్తాసు పలుకుతాను" అన్నాను. నేను గుసగుస అనుకున్నది గుసగుస కాదట, పిల్లకీ వినబడిందట. నా గొంతు అలాంటిది.

మాస్టారు ఆ ఎర్ర నాచుని చాలాసేపు చూశారు. వేలితో ముట్టుకున్నారు. వేలు పొడిగా వచ్చింది.

"ఇది కాదు వదినగారూ" అన్నారు. "లేదు. ఎండిపోయినట్టున్నాయి. పదండి, బస్సు వేళవుతుంది."

లేవబోతే మోకాలు పట్టేసింది. పట్టుకోవడానికి ఎవరో చెయ్యిచ్చారు. చూస్తే పిన్నీసు. అది ఆయన్ని లేపలేదు. ఆయన పక్కనే గౌను కూడదీసుకుని మోకాళ్ళ మీద కూలబడింది.

"నీళ్ళు ఎటునుంచి ఊరాయి ఆ రోజు?" అంది.

"ఆ పైనుంచి."

"అయితే ఇక్కడెందుకు వెతుకుతున్నావు? తడి ఎక్కడుందో అక్కడ వెతకాలి కదా!"

గుచ్చడం వచ్చిన పిన్నీసు కదా మరి. తడి వాసన పట్టుకుని రాయి చుట్టూ పాకింది. వెనక నీడలో, నీళ్ళు ఇంకా చెమ్మగిల్లుతున్న చోట, దాని బొడిపె జడ మాత్రమే కనిపిస్తోంది మాకు. ఆ జడ కదలడం ఆగిపోయింది.

"తాతయ్యా! గుండీ!"

మేమిద్దరం ఎలా వెళ్ళామో నాకు గుర్తులేదు. నా మోకాళ్ళు ఆ రోజు నాతో ఏం మాట్లాడలేదు. నేల మీద ఒకటి, పక్కన ఇంకోటి, ఇంకా చిన్నది ఇంకోటి. ఎర్రగా, గుండ్రంగా, నేలకి అతుక్కుని. రాయి సందులోంచి ఎండ ఒక గీతలా పడుతుంటే ప్రతి వెంట్రుక కొసా వెలిగింది. మాస్టారు మణికట్టు పక్కన పెట్టారు. దిండుకీ మొక్కకీ తేడా, ఒకటి బతికుంది. ఆకు మీద చీమ ఒకటి, వెంట్రుకల కింద సగం మునిగి. పిన్నీసు నేలకి గడ్డం ఆనించి చూస్తోంది.

"పాపం చీమ" అంది చివరికి.

"పాపం మొక్క అని కూడా అనుకోవచ్చు" అన్నారు మాస్టారు. "ఇసుకలో ఏముంది తినడానికి?"

పిల్ల ఆయన మెడలోంచి టేపు కొస లాగి, ముట్టుకోకుండా మొక్క మీద గాలిలో పట్టింది. "ముప్పావు అంగుళం."

"కోటు గుండీ" అన్నారు మాస్టారు. 

మూత లేదని పిన్నీసు కూడా చూసింది. నేను మాత్రం దొడ్డి సంగతి తేల్చుకుందామని ఆకు కిందకి తల పెట్టి చూశాను. ఏమీ కనబడలేదు. తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

మర్నాడు కొట్టులో పిన్నీసు చెబుతుంటే మిషన్లన్నీ ఆగాయి. ఇస్త్రీ బాబాయి అంతా విని, "ఫోటో ఏదీ?" అన్నాడు.

"లేదు."

"మూత ఉందా?" అని కన్ను గీటాడు.

"లేదు" అంది, అచ్చం వాళ్ళ తాత అన్నట్టే.

"ఇంకేం, కోతల పిల్ల కూడా తయారైంది. తాత కోశాడు, మనవరాలు కుట్టింది!"

"కుట్టలేదు, చూసింది! సాక్షిని నేను!" అన్నాను కిటికీలోంచి.

"మీరు సాక్షా పెద్దమ్మా? మీరెప్పుడూ చూసిందానికంటే ఎక్కువే చెబుతారుగా!" అని మిషన్ల వాళ్ళంతా గొల్లుమన్నారు. అలా మా ముగ్గురి పరువూ ఒకేసారి పోయింది. పోతే పోయింది, పిన్నీసు కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. అదీ నాకు కావలసింది.

నవ్వులు సద్దుమణిగాక పిల్ల తాతని నిలదీసింది. "ఇకనుంచి ముందే చెప్పాలి. నిజమా, కోతా?"

 మాస్టారు మెడలోంచి టేపు తీశారు. నేను ఈ వీధికి వచ్చాక, కొలత తీసే పని లేకుండా ఆ మెడ ఖాళీగా చూడ్డం అదే మొదటిసారి. టేపుని గుండ్రంగా చుట్టి బల్ల మీద పెట్టారు. "టేపు మెడలో ఉంటే కొలిచి చెప్పినట్టు. బల్ల మీద ఉంటే కొలత లేనట్టు. చాలా?"

పిన్నీసు బల్ల మీద టేపుని చూసింది. స్టూలు మీంచి దిగి, బల్ల కిందకి దూరి, పేలికల గోతాం మీద సర్దుకుని కూర్చుంది.

కత్తెర కరకరమంది. "అప్పుడేమైందంటే, ఆ ఏనుగుపిల్ల పెద్దదై, కోటు బిగువైందని మళ్ళీ నా దగ్గరకే వచ్చింది..."

నేను పొయ్యి మీద గిన్నె దించేసి చెవి అటు పెట్టాను.

"ఊఁ" అని వినిపించింది బల్ల కింద నుంచి. సాగదీసిన ఊఁ.